తెరపై తూకం, బతుకుపై భారం

2024 ఏప్రిల్ చివరి వారంలో పుదుచ్చేరి పట్టణానికి ఒక యువకుడి మరణవార్త అందింది. వయస్సు 26 సంవత్సరాలు. బరువు దాదాపు 150 కిలోలు. బరువు తగ్గించే శస్త్రచికిత్స కోసం చెన్నై శివారులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాడు. శస్త్రచికిత్స మొదలైన కొద్దిసేపటికే పరిస్థితి విషమించింది. మరో ఆసుపత్రికి తరలించినా ప్రాణం దక్కలేదు. తల్లిదండ్రులు పోలీసులను ఆశ్రయించారు. తమిళనాడు ప్రభుత్వం విచారణ జరిపించి, లోపాలు బయటపడ్డాయంటూ ఆ ఆసుపత్రి అనుమతిని తాత్కాలికంగా నిలిపివేసింది.

పుదుచ్చేరిలో లోక్‌సభ పోలింగు ముగిసి అప్పటికి వారం రోజులు కూడా కాలేదు. ఆ ఎన్నికల ప్రచారంలో రాష్ట్ర హోదా ఉంది, రేషన్ బియ్యం ఉంది, మద్యం దుకాణాల ప్రస్తావన ఉంది. పట్టణంలో పెరుగుతున్న ఊబకాయం మాత్రం ఎవరి ప్రసంగంలోనూ అంశం కాలేదు. ఆ యువకుడి మరణం కూడా నాలుగు రోజులు పతాక శీర్షికల్లో నలిగి, ఫలితాల నిరీక్షణలో మరుగున పడిపోయింది.

ఆ మరణాన్ని తీసుకువెళ్లి ఏదో ఒక టీవీ కార్యక్రమానికి ముడిపెట్టడం న్యాయం కాదు. అర్హులైన రోగులకు, తగిన పరీక్షల తరువాత, అన్ని వసతులున్న చోట చేసే బేరియాట్రిక్ శస్త్రచికిత్స వైద్యశాస్త్రం అంగీకరించిన చికిత్సే. అది ఎందరికో మేలు చేసింది కూడా. కాని ఆ వార్త ఒక పెద్ద ప్రశ్నను మిగిల్చిపోయింది. ఏళ్ల తరబడి ఒంటికి పట్టిన బరువును వారాల్లో, నెలల్లో దించివేయవచ్చునన్న నమ్మకం మధ్యతరగతి ఇళ్లలోకి ఎక్కడి నుంచి వచ్చింది? వైద్యుడి గదిలోకి అడుగుపెట్టకముందే రోగి మనసులో స్థిరపడిపోయే ఆ అంకెను ఎవరు రాస్తున్నారు?

సమాధానంలో కొంత భాగం తెర మీద దొరుకుతుంది.

అమెరికాలో ఎన్‌బీసీ చానల్ 2004లో 'ది బిగ్గెస్ట్ లూజర్' అనే పోటీని ప్రారంభించింది. ఊబకాయులను ఒకచోట చేర్చి, రోజుకు గంటల కొద్దీ వ్యాయామం చేయించి, తిండి తగ్గించి, వారం వారం కెమెరాల ముందు తూకం వేస్తారు. తక్కువ తగ్గినవాడు ఇంటిదారి పట్టాలి. ఎక్కువ తగ్గినవాడికి రెండున్నర లక్షల డాలర్ల బహుమతి. ఎక్కువ పోగొట్టుకున్నవాడే గెలిచినవాడన్న ఆ చమత్కారం ప్రపంచానికి తెగ నచ్చింది. ఎన్నో దేశాలు ఆ నమూనాను కొనుక్కున్నాయి. 2007లో సునీల్ శెట్టి వ్యాఖ్యాతగా సహారా వన్ చానల్‌లో 'బిగ్గెస్ట్ లూజర్ జీతేగా' పేరిట అది హిందీలోకి కూడా వచ్చింది. మన దేశంలో ఆ కార్యక్రమం నిలదొక్కుకోలేదు. కాని ఆ తూకం నిలదొక్కుకున్నది. ఇప్పుడు దానికి చానల్ అవసరం కూడా లేదు. 'అప్పుడు – ఇప్పుడు' అంటూ పక్కపక్కన పెట్టిన రెండు ఫోటోలు, ముప్పై రోజుల సవాళ్లు, 'పదిహేను కిలోలు తగ్గండి' అనే రీళ్లు చేతిలోని ఫోన్‌లోనే తిరుగుతున్నాయి. పుదుచ్చేరి బీచ్ రోడ్డులో కూర్చున్న కళాశాల విద్యార్థికీ, అదే పాలన కింద వందల కిలోమీటర్ల దూరంలో గోదావరి ఒడ్డున ఉన్న యానాంలోని తెలుగు గృహిణికీ కనిపించేది ఒకే తూకం, వినిపించేది ఒకే హామీ.

ఆ హామీ ఎంతవరకు నిజమో తేల్చిన పరిశోధన కూడా ఉన్నది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల శాస్త్రవేత్త కెవిన్ హాల్ బృందం ఆ పోటీలో 8వ సీజన్ అభ్యర్థులు 14 మందిని ఆరేళ్ల పాటు గమనించి, 2016లో ఫలితాలను ప్రచురించింది. పోటీ మొదలైనప్పుడు వారి సగటు బరువు 149 కిలోలు. దాదాపు పుదుచ్చేరి యువకుడి బరువే. 30 వారాల్లో వారు సగటున 58 కిలోలు తగ్గారు. తెర అక్కడితో పడింది. చప్పట్లు, కన్నీళ్లు, ఆలింగనాలు అన్నీ అక్కడితో ముగిశాయి. ఆరేళ్ల తరువాత చూస్తే సగటున 41 కిలోలు తిరిగి వచ్చి చేరాయి. 14 మందిలో 13 మంది మళ్లీ బరువు పెరిగారు. నలుగురు పోటీకి ముందున్న బరువును కూడా దాటిపోయారు.

దీన్ని మనోబలం లేకపోవడంగా కొట్టిపారేయడం సులభం. ఆ పోటీ నేర్పిన పాఠం కూడా అదే కదా: పట్టుదల ఉన్నవాడు తగ్గుతాడు, లేనివాడు ఓడిపోతాడు. కాని అసలు కథ శరీరం లోపల నడిచింది. మనిషి కదలకుండా పడుకొని ఉన్నా గుండె కొట్టుకోవడానికి, ఊపిరి ఆడడానికి, ఒంట్లో వేడి నిలవడానికి కొంత శక్తి ఖర్చవుతుంది. పోటీకి ముందు ఆ అభ్యర్థుల శరీరాలు ఈ పనులకు రోజుకు సగటున 2,600 కేలరీలు ఖర్చు చేసేవి. పోటీ చివరికి అది 2,000 దగ్గరికి దిగింది. బరువు తగ్గినప్పుడు ఖర్చు తగ్గడం సహజమే. వింతేమిటంటే, ఆరేళ్లలో బరువు చాలా వరకు తిరిగివచ్చినా ఖర్చు మాత్రం పెరగలేదు. ఇంకా తగ్గి 1,900 దగ్గర నిలిచింది. వారి బరువుకు, వయస్సుకు ఉండవలసిన దానికంటే రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువ. అంటే అదే బరువున్న పక్కింటివాడు తినగలిగినంత తిన్నా వీరు లావెక్కుతారు. దానికి తోడు, కడుపు నిండిందని మెదడుకు కబురు చెప్పే లెప్టిన్ అనే హార్మోను పోటీ ముగిసేనాటికి వారి రక్తంలో దాదాపు అడుగంటిపోయింది. ఆరేళ్ల తరువాత కూడా పూర్వస్థితికి చేరలేదు. తినవద్దని బుద్ధి ఒకవైపు చెబుతుంటే, తినమని ఒళ్లు మరోవైపు నిరంతరం కేకలు పెడుతున్నదన్న మాట. కరువు వచ్చిందని భ్రమపడిన శరీరం గింజ గింజ దాచుకోవడం మొదలుపెట్టింది.

ఆ 8వ సీజన్ విజేత డానీ కేహిల్ 195 కిలోల నుంచి 87 కిలోలకు దిగి దేశమంతటి ప్రశంసలు అందుకున్నాడు. తరువాతి ఏళ్లలో 45 కిలోలకు పైగా తిరిగి పెరిగాడు. 2014లో 15వ సీజన్ విజేతగా నిలిచిన యువతి 118 కిలోల నుంచి 48 కిలోలకు చేరింది. వేదిక మీదికి ఆమె నడిచి వచ్చినప్పుడు శిక్షకుల ముఖాల్లోనే దిగ్భ్రాంతి కనిపించింది. ఇంత తగ్గడం ఆరోగ్యమేనా అన్న చర్చ మరునాడే దేశమంతా మొదలైంది. పోటీ నియమాలకు మాత్రం ఆ ప్రశ్నతో పని లేదు. ఎంత శాతం తగ్గిందన్న ఒక్క లెక్కే దానికి తెలుసు. ఆ కార్యక్రమం తెర వెనుక సంగతులతో నెట్‌ఫ్లిక్స్ 2025 ఆగస్టులో విడుదల చేసిన డాక్యుమెంటరీలో పాత అభ్యర్థులే ముందుకు వచ్చి తమ అనుభవాలను చెప్పుకున్నారు. ఇరవై ఏళ్లు ఆలస్యంగానైనా కథ రెండవ భాగం తెరకెక్కింది. మొదటి భాగం చూసినవారిలో ఎంతమంది దాన్ని చూస్తారన్నది వేరే మాట.

న్యాయంగా మరో విషయం కూడా చెప్పుకోవాలి. అదే అభ్యర్థులపై జరిగిన తరువాతి విశ్లేషణలో, తగ్గిన బరువును కొంతైనా నిలుపుకున్నవారు శారీరక శ్రమను ఏళ్ల తరబడి వదలనివారేనని తేలింది. కాబట్టి ప్రయత్నం వ్యర్థమన్నది ఇక్కడి సారాంశం కాదు. ఏళ్ల పాటు సాగవలసిన పనిని ముప్పై వారాల వినోదంగా కుదించి చూపడమే మోసం.

తెలుగువారికి ఈ మోసం కొత్తది కాదు. 'నువ్వు నాకు నచ్చావ్'తో ఇంటింటికీ పరిచయమైన నటి ఆర్తీ అగర్వాల్ 2015 జూన్‌లో అమెరికాలో కన్నుమూసింది. వయస్సు 31. అంతకు కొద్ది వారాల ముందే ఆమె కొవ్వు తొలగించే శస్త్రచికిత్స చేయించుకున్నదని పత్రికలు రాశాయి. ఒకనాడు ఆమెను నెత్తిన పెట్టుకున్న ప్రేక్షకలోకమే ఆమె లావెక్కిందని వెక్కిరించింది. అదే ఏడాది నవంబరులో 'సైజ్ జీరో' చిత్రం వచ్చింది. త్వరగా సన్నబరుస్తామంటూ జనాన్ని ముంచే క్లినిక్‌ల మీద అది ఎక్కుపెట్టిన కథ. ఆ పాత్ర కోసం అనుష్క స్వయంగా బరువు పెరిగింది. చిత్రం చెప్పిన నీతి ఎంతమందికి చేరిందో గాని, ఆ తరువాత ఏళ్ల తరబడి ప్రతి సినిమాకూ ఆమె మళ్లీ తగ్గిందా లేదా అన్నదే వార్త అయింది. నీతి కథ చెప్పిన నటిని కూడా తూకం మీద నుంచి దిగనివ్వని సంస్కృతి ఇది.

2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ ఆహార విధానం తెలుగునాట రేపిన సంచలనం ఇంకా మరుపునకు రాలేదు. సభలకు వేలమంది తరలివచ్చారు. టీవీ చానళ్లలో వైద్యులు ఒకవైపు, అనుచరులు మరోవైపు కూర్చొని రోజుల తరబడి వాదించుకున్నారు. ఆ విధానం మంచిదా చెడ్డదా అన్న వాదన పక్కన పెడితే, గమనించవలసిన సంగతి ఒకటున్నది. వాదన మొత్తం 'ఎన్ని రోజుల్లో ఎన్ని కిలోలు' అన్న కొలబద్ద మీదే నడిచింది. మూడేళ్ల తరువాత ఎవరి బరువు ఎంత, ఎవరి మూత్రపిండాలు ఎలా ఉన్నాయి, ఎవరు మానేశారు, ఎందుకు మానేశారు అని వెనుదిరిగి అడిగిన చానల్ లేదు. ఆ ప్రశ్నలకు రేటింగు రాదు.

ఇక పుదుచ్చేరి సంగతి. 2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఈ కేంద్రపాలిత ప్రాంతంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో దాదాపు 46 శాతం మంది అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నారు. పురుషుల్లో దాదాపు 43 శాతం. దేశ సగటు మహిళల్లో 24, పురుషుల్లో 23. ఆంధ్రప్రదేశ్ మహిళల్లో అది 36, తెలంగాణలో 30. ఇద్దరిలో ఒకరికి సమీపిస్తున్న సమస్యను వ్యక్తుల బద్ధకంగా, తిండిపోతుతనంగా వర్ణించడం కుదరదు. ఒక ఊరిలో సగం మంది ఒకేసారి సోమరులైపోరు. మారింది పని స్వభావం, తిండి ధర, నిద్రవేళ, నడిచే దారి. సైకిళ్ల పట్టణంగా పేరున్న పుదుచ్చేరిలో ఇప్పుడు వీధి వీధీ స్కూటర్లతో నిండిపోయింది.

ఇక్కడి రాజకీయాలు తిండిని పట్టించుకోలేదని అనడానికి వీల్లేదు. పట్టించుకున్నాయి, కాని బియ్యం వరకే. నారాయణసామి ముఖ్యమంత్రిగా, కిరణ్ బేడీ లెఫ్టినెంట్ గవర్నరుగా ఉన్న కాలంలో ఉచిత బియ్యం ఇవ్వాలా, నగదు ఇవ్వాలా అన్న తగాదా ఏళ్ల తరబడి సాగి మద్రాసు హైకోర్టు దాకా వెళ్లింది. 2020లో కోర్టు నగదు వైపే మొగ్గింది. మూతపడిన రేషన్ దుకాణాలు రంగస్వామి హయాంలో 2024 అక్టోబరులో తిరిగి తెరుచుకున్నాయి. దీపావళి కానుకగా పది కిలోల బియ్యం, రెండు కిలోల చక్కెర పంచారు. పేదవాడికి బియ్యం హక్కు. దాన్ని ఎవరూ కాదనరు. కాని ఊబకాయంలో దేశంలోనే ముందు వరుసన ఉన్న ప్రాంతంలో ఇన్నేళ్ల వివాదమంతా బియ్యమా డబ్బా అన్న చోటే తిరిగింది. పప్పు సంగతి, చిరుధాన్యాల సంగతి, కూరగాయల ధర సంగతి రెండు పక్షాల్లో ఎవరూ ఎత్తలేదు. పళ్లెంలో అన్నం కుప్పగా, కూర చెంచాడుగా ఉన్నంత కాలం బరువు తగ్గమని పేదవాడికి చెప్పడం అపహాస్యం.

ఢిల్లీ ధోరణి ఇంకా విచిత్రం. 2025 ఫిబ్రవరి 23 నాటి 'మన్ కీ బాత్'లో ప్రధాని నరేంద్ర మోదీ ఊబకాయం గురించి మాట్లాడారు. వంటనూనె వాడకాన్ని పది శాతం తగ్గించాలని పిలుపునిచ్చారు. అంతవరకు మెచ్చుకోదగినదే. దేశాధినేత ఈ అంశాన్ని నోరారా ప్రస్తావించడం మంచి పరిణామమే. అయితే మరునాడే ఆయన పది మంది ప్రముఖులను ఆ సవాలుకు నామినేట్ చేశారు. ఆ పది మంది తలా పది మందిని నామినేట్ చేయాలట. మోహన్‌లాల్, మాధవన్, ఒమర్ అబ్దుల్లా, మను భాకర్, సుధామూర్తి మొదలైనవారు ఆ జాబితాలో ఉన్నారు. నామినేషన్, సవాలు, ప్రముఖులు: మాటలన్నీ రియాలిటీ షోల నిఘంటువులోనివే. ప్రజారోగ్య విధానం కూడా తెర భాషనే మాట్లాడడం మొదలుపెట్టింది.

ఆ పిలుపు వచ్చిన ఏడు నెలలకు, 2025 సెప్టెంబరు 22 నుంచి అమలైన జీఎస్‌టీ మార్పుల్లో బిస్కెట్లు, చాక్లెట్లు, ప్యాకెట్ చిరుతిళ్ల మీద పన్ను 5 శాతానికి దిగింది. చక్కెర కలిపిన శీతల పానీయాలకు 40 శాతం రేటు ప్రకటించారు గాని, సెస్సుతో కలిపి పాత భారం కూడా అంతే. ఆ ఏడాది జనవరిలో పార్లమెంటు ముందుంచిన ఆర్థిక సర్వే అతిగా శుద్ధి చేసిన ఆహార పదార్థాల ముప్పు గురించి హెచ్చరించింది. ప్యాకెట్ ముందుభాగంలో ఉప్పు, చక్కెర, కొవ్వుల సంగతి తెలిపే గుర్తు ఉండాలన్న ప్రతిపాదనపై ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2022లోనే ముసాయిదా తెచ్చింది. సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో మూడు నెలల గడువు పెట్టింది. ఆ గడువు పొడిగింపుల పాలైంది. పౌరుడు నూనె చెంచా లెక్క పెట్టుకోవాలి. ప్రభుత్వం మాత్రం ప్యాకెట్ మీద ముద్ర వేయడానికి ఏళ్లు తీసుకోవచ్చు. ఇదెక్కడి ధర్మం?

చట్టం లేదా అంటే, ఉన్నది. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం షెడ్యూలులో ఊబకాయం పేరు స్పష్టంగా ఉంది. దాన్ని నయం చేస్తామంటూ మందులకు ప్రకటనలు ఇవ్వడం నేరం. నెహ్రూ కాలపు శాసనకర్తలకు సైతం ఈ ఆశ ఎంత బలహీనమైన చోటును తాకుతుందో తెలుసునన్న మాట. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 ఆగస్టులో ఆరోగ్య సలహాలిచ్చే ప్రముఖులకు, ఇన్‌ఫ్లుయెన్సర్లకు అదనపు మార్గదర్శకాలు ప్రకటించింది. యంత్రంతో ఒక్క సిట్టింగులోనే 600 గ్రాములు, 7 సెంటీమీటర్లు తగ్గిస్తామని ప్రకటించుకున్న ఒక పేరున్న సంస్థకు కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2025లో 3 లక్షల రూపాయల జరిమానా విధించింది. ఆ సంస్థల వ్యాపారంతో పోలిస్తే 3 లక్షలు చిల్లర డబ్బు. అయినా ఒక అడుగు పడింది.

ఈ చట్టాలన్నిటికీ ఒక సందు మిగిలిపోయింది. ప్రకటన అయితే చట్టం పట్టుకుంటుంది. పోటీ అయితే పట్టుకోదు. 'నెలలో పది కిలోలు తగ్గిస్తాం' అని క్లినిక్ చెబితే అది తప్పుదోవ పట్టించే ప్రకటన. అదే మాటను పాటలు, కన్నీళ్లు, న్యాయనిర్ణేతలు జోడించి వారం వారం చూపితే అది వినోదం. చూసేవాడి మనసులో పడే ముద్ర మాత్రం ఒక్కటే. నిజానికి రెండవదే బలమైనది. ప్రకటనను జనం కొంతైనా అనుమానిస్తారు. సాటి మనిషి తూకం మీద నిలబడి ఏడిస్తే ఎవరు అనుమానిస్తారు?

ఈ సందును పూడ్చడానికి పుదుచ్చేరికి చరిత్రలో దగ్గరి చుట్టమైన దేశం వైపు చూడవచ్చు. వీధుల పేర్లలో, పోలీసు టోపీల్లో ఫ్రెంచి పాలన ఆనవాళ్లు ఇంకా నిలుపుకున్న పట్టణమిది. ఆ ఫ్రాన్సులో 2017 అక్టోబరు 1 నుంచి ఒక నియమం అమల్లో ఉంది. వాణిజ్య ప్రకటనలోని మోడల్ శరీరాన్ని కంప్యూటర్ సాయంతో సన్నగానో లావుగానో మార్చితే, ఫోటోను మార్చినట్టు దాని మీదే ముద్రించాలి. ఉల్లంఘిస్తే 37,500 యూరోల దాకా జరిమానా. ఫోటోను నిషేధించలేదు, నిజాన్ని పక్కన నిలబెట్టారు. అదే సూత్రం బరువు తగ్గే పోటీలకూ వర్తింపజేయవచ్చు. అభ్యర్థి రోజుకు ఎన్ని గంటలు వ్యాయామం చేశాడు, ఎన్ని కేలరీలు తిన్నాడు, వెంట ఎంతమంది వైద్యులు ఉన్నారు, ఒక 'వారం' నిజంగా ఏడు రోజులేనా అన్నవి తెర మీద చూపాలి. అన్నిటికంటే ముఖ్యంగా, గత సీజన్ విజేతల బరువు, ఆరోగ్యం ఏడాది తరువాత ఎలా ఉన్నదో తరువాతి సీజన్ మొదట్లోనే చెప్పాలి. టీవీకైనా, ఫోన్‌కైనా ఒకే నియమం. ఇంతకంటే తక్కువ ఖర్చుతో అమలు చేయగల ప్రజారోగ్య చర్య మరొకటి ఉండదు.

దీనిపై ఒక ఆక్షేపణ ఎదురవుతుంది. ఆ పోటీలు చూసి కొందరైనా నడక మొదలుపెడతారు కదా, వ్యాయామశాలలో చేరతారు కదా, ఆ ఉత్సాహం మీద నీళ్లు చల్లడం ఎందుకు అని. ఉత్సాహం నిజమే. కాని దాని ఆయుష్షు ఎంత? తెర మీద వారానికి ఆరేడు కిలోలు తగ్గడం చూసినవాడు, తన ఇంట్లో నెలంతా కష్టపడి రెండు కిలోలు తగ్గితే దాన్ని ఓటమిగా లెక్క వేసుకుంటాడు. వైద్యుల లెక్కలో అది మంచి విజయం. ఓడిపోయాననుకున్నవాడు రెండు దారుల్లో ఒకటి పడతాడు: ప్రయత్నం మానేయడం, లేదా ఇంకా వేగంగా తగ్గించే దారి వెతకడం. ఆ రెండవ దారి పక్కనే క్లినిక్‌లు, పొడులు, ఇంజెక్షన్లు, తక్కువ ధర చెప్పే ఆపరేషన్ బల్లలు బారులు తీరి ఉంటాయి. 2025లో మౌంజారో, వెగోవీ వంటి మందులు భారత విపణిలోకి వచ్చాయి. వైద్యుల పర్యవేక్షణలో వాటికి తగిన చోటు ఉన్నది. తెర అలవాటు చేసిన తొందరపాటుతో వాటిని చేతిలోకి తీసుకుంటే మాత్రం అవి కూడా మరో పోటీగా మారిపోతాయి.

అసలు కొలబద్దనే మార్చుకోవాలని చెప్పే సాక్ష్యం పుదుచ్చేరికి కూతవేటు దూరంలో ఉన్న చెన్నైలోనే పుట్టింది. డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం మధుమేహం అంచున ఉన్న 531 మందిపై జరిపి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, ఆహారం, నడక విషయంలో మామూలు మార్పులు చేసుకున్నవారిలో మధుమేహం వచ్చే ముప్పు 28 శాతానికి పైగా తగ్గింది. విశేషమేమిటంటే, వారి బరువు చెప్పుకోదగినంత తగ్గనే లేదు. బరువు తగ్గకపోయినా ఆరోగ్యం మెరుగుపడింది. తూకం ముందు నిలబెడితే ఆ పోటీలో వారందరూ మొదటి వారంలోనే ఇంటికి పోయేవారు. జీవితంలో మాత్రం గెలిచారు.

ఈ మాట చెప్పగల యంత్రాంగం పుదుచ్చేరికి ఉన్నది. 1823లో ఫ్రెంచివారు స్థాపించిన వైద్య పాఠశాల నుంచి ఎదిగిన జిప్‌మర్ ఈ పట్టణంలోనే ఉంది. యానాం, కారైకాల్ నుంచి రోగులు దాని పేరు చెప్పుకొని వస్తారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల దాకా పోషకాహార సలహాదారులను చేర్చడం, పాఠశాలల్లో ఆటస్థలాలను కాపాడడం, రేషన్ సంచిలో పప్పుకు చోటివ్వడం, బరువు తగ్గించే శస్త్రచికిత్సలు చేసే ఆసుపత్రులు ఫలితాలను ఏటా బహిరంగపరచాలని పొరుగు రాష్ట్రంతో కలిసి నిబంధన తేవడం ప్రభుత్వం చేతిలోని పనులు. వీటిలో ఏదీ కెమెరాకు నచ్చే దృశ్యం కాదు. అందుకే నాయకులకూ నచ్చడం లేదు.

పట్టణంలో ఒక మంచి ఉదాహరణ కళ్లెదుటే ఉన్నది. సాయంత్రం ఆరు గంటలకు బీచ్ రోడ్డు మీదికి వాహనాలను రానివ్వరు. మరునాటి ఉదయం ఏడున్నర వరకు ఆ ఒకటిన్నర కిలోమీటరు దారి నడిచేవారిది. గాంధీ విగ్రహం ముందు నుంచి లావుపాటివారు, సన్నటివారు, మోకాళ్ల నొప్పులవారు, పసిపిల్లల తల్లులు, పింఛనుదారులు తమ తమ వేగంతో సాగిపోతుంటారు. ఎవరూ ఎవరినీ తూకం వేయరు. ఏ హీరో పట్టుదల వల్లనో కాక, ఒక పాలనా ఉత్తర్వు వల్ల వారికి దక్కిన అవకాశమది. ఆ దారి దాటి పట్టణం లోపలికి వస్తే కాలిబాట మీద స్కూటర్లు నిలిపి ఉంటాయి. నడవాలంటే రోడ్డు మీదికి దిగాలి. ముత్యాల్‌పేటలోనూ, విల్లియనూరులోనూ, యానాంలోనూ అటువంటి దారి ఒకటి ఎందుకు లేదన్నది వచ్చే ఎన్నికల్లో ఓటు అడగడానికి వచ్చేవారిని నిలదీయవలసిన ప్రశ్న. 26 ఏళ్ల కొడుకును పోగొట్టుకున్న ఆ తల్లిదండ్రుల ఊరు ఆ ప్రశ్న అడగకపోతే, మరెవరు అడుగుతారు?